రాయదగిన కష్టం

మా సంసారం చాలా ఏళ్లు మూడు ఊళ్లలో నడిచింది. నేను చెల్పూరు దగ్గరి కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గర షిఫ్టుల్లో పనిచేస్తూ, భూపాలపల్లిలో ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాణ్ని. నా భార్య మహబూబాబాద్‌లో ప్రాథమిక పాఠశాల టీచరు. ఇల్లు అనదగ్గది అక్కడే ఉండేది. మా ఒక్కగానొక్క బిడ్డ జనగామలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. నా వారపు సెలవు, బడి సెలవు, హాస్టల్ సెలవు కలిసొస్తేనే ముగ్గురం ఒకచోట కూడేవాళ్లం. అది అరుదు గనక, కూడిన రోజున మాట్లాడవలసినవన్నీ ఒక్కసారే మీద పడేవి.

మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా దసరా సెలవుల్లో అలా కూడాం. అన్నం తింటూ, ఇంజినీరింగ్ పరీక్ష రాయనని చెప్పింది. ఎంపీసీ చదువుతున్న పిల్ల, మార్కులు మంచిగా వస్తున్న పిల్ల ఆ మాట అనేసరికి నా భార్య వడ్డించడం ఆపి కూర్చుంది.

"ఇంజినీరింగ్ కాకుంటే మరేం చదువుతవు?"

"భాషాశాస్త్రం అమ్మా."

"అంటే తెలుగు పండిట్ ట్రైనింగా?"

"కాదు. మనుషుల భాష ఎట్ల పనిచేస్తదో, ఎట్ల మారుతదో చదువుడు."

'పనిచేస్తది' అన్న మాట నాకు నచ్చింది. పనిచేసేది ఏదైనా చదవదగిందే అనుకునే మనిషిని నేను. నా భార్యకు మాత్రం ఆ రోజంతా అది మింగుడుపడలేదు.

ఆ చదువు చెప్పే చోటు వేరే రాష్ట్రంలో ఉంది. పెద్ద పేరున్న విశ్వవిద్యాలయం. దేశం నలుమూలల నుంచి పిల్లలు దరఖాస్తు పెడతారట, తీసుకునేది మాత్రం గుప్పెడు మందినేనట. ఎంపికైతే ఖర్చు చాలావరకు వాళ్లే భరిస్తారట. జనగామ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడం ఈ సంగతులన్నీ మా బిడ్డకు చెప్పారు.

"ఛాన్స్ ఎంత?" అని అడిగాను.

"చానా తక్కువ బాపు."

"తక్కువంటే?"

"మా కాలేజ్ మొత్తంల ఎవరికన్న ఒక్కరికి వస్తే, పదేండ్లు చెప్పుకుంటరు."

అయినా పెట్టి చూడమన్నాను. పెట్టినంత మాత్రాన పోయేదేముందని నా భార్య కూడా ఒప్పుకుంది. రాదులే అన్న ధైర్యంతోనే ఒప్పుకుందని నా అనుమానం.

మళ్లీ ముగ్గురం కలిసింది చలికాలంలో. నేను రెండో షిఫ్టు ముగించి, మర్నాడు పొద్దున హనుమకొండ మీదుగా బస్సులు మారి మహబూబాబాద్ చేరేసరికి మధ్యాహ్నమైంది. బిడ్డ వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పకముందే అడిగింది.

"బాపు, మనకేమన్న కష్టాలున్నయా?"

ఎవరికైనా ఏమైనా అయిందేమోనని భయపడ్డాను. విషయం అది కాదు. దరఖాస్తులో ఒక వ్యాసం రాయాలి. జీవితంలో ఎదుర్కొన్న ఒక కష్టాన్ని గురించీ, దాన్ని దాటిన తీరు గురించీ చెప్పాలి. తనకు ఒక్కటీ దొరకడం లేదట.

లోపల బట్టలు మడతపెడుతున్న నా భార్య అక్కణ్నుంచే అంది. "మీ బాపును చేసుకున్నదే పెద్ద కష్టమని రాయి. కావాలంటే సాక్ష్యం నేను చెప్త."

"గది నీ కష్టం అమ్మా. నాది కావాలంట."

ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత టీ తాగుతూ నిజంగానే వెతికాం. చిన్నప్పుడు కామెర్లు వచ్చాయి, తగ్గాయి. హాస్టల్లో చేరిన కొత్తలో నెలరోజులు ఏడ్చింది, మానేసింది. వాళ్ల తాత పోయినప్పుడు ఆమెకు ఊహ తెలియదు. ఏదీ నిలబడలేదు. నాకు లోలోపల కొంచెం గర్వంగానే ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు చెప్పుకునే కష్టం ఒక్కటీ దొరకలేదంటే, తల్లిదండ్రులు తమ పని తాము చేసినట్టే కదా. ఆమె ముఖంలో మాత్రం పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చినప్పటి ఇబ్బంది కనిపించింది.

కాసేపయ్యాక మెల్లగా అంది. "మీ గురించి రాయనా బాపు? జిన్నింగు మిల్లు సంగతి."

మా ఊరు పాలకుర్తి దిక్కు. మా నాయిన కూలి పనిచేసేవాడు. పది పాసయ్యాక నాకు వరంగల్‌లో పాలిటెక్నిక్ సీటు వచ్చింది. ఆ ఏడే నాయిన మంచం పట్టాడు, నేను చేరలేదు. జనగామలో పత్తి జిన్నింగు మిల్లులో పత్తి నింపిన పెద్ద బోరాలు మోశాను. ముక్కులోకి, నోట్లోకి దూది నూగు పోయి ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాణ్ని. రెండేళ్లు అలా గడిచాక ఐటీఐలో చేరాను, అది పట్టుకొని ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఇదంతా బిడ్డకు ఒకసారి మాటల్లో చెప్పాను. రెండోసారి చెప్పే అవసరం రాలేదు.

"వద్దు బిడ్డా," అన్నాను.

"ఎందుకు? నిజమే కదా."

"నిజమే. కని అది నాది. నీది కాదు."

"మీ వల్లనే కద నేను గిట్ల చదువుతున్నది. అట్ల రాస్త."

"నేను బోరాలు మోసింది నువ్వు మోయొద్దని. మల్ల దాన్నే నీ నెత్తిన పెట్టుకొని ఆల్లకు చూపిస్తనంటే ఎట్ల?"

గొంతు కాస్త పెరిగిందని నాకే తెలిసింది. నా భార్య బట్టల మడతలు ఆపి చూసింది. బిడ్డ నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "సరే బాపు" అంది. అలిగి అన్న మాట కాదు. ఆమె అలుగుడు ఎలా ఉంటుందో మాకు తెలుసు.

మా పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి ముసలమ్మను వాడంతా దాదీ అనే పిలిచేది. మా బిడ్డ పసిగా ఉన్నప్పుడు నా భార్య బడికి పోతూ ఆమె దగ్గరే వదిలేది. అందుకే మా పిల్లకు మాటలు రెండు భాషల్లో కలిసే వచ్చాయి. మర్నాడు పొద్దున దాదీ గోడకు ఆనుకొని, జామ మొక్కను మేస్తున్న తన మేకను తిడుతోంది. ఆ తిట్లు అచ్చ తెలుగులో ఉన్నాయి. అదే నోటితో, ట్యూషన్‌కు ఆలస్యం చేస్తున్న మనవరాలిని దక్కనీ ఉర్దూలో తిట్టింది. మళ్లీ మేక వైపు తిరిగి తెలుగులోకి వచ్చింది. మా బిడ్డ గోడ దగ్గరికి పోయి అడిగింది.

"దాదీ, పొల్లను ఉర్దూల తిడ్తవు, మేకను తెలుగుల తిడ్తవు. ఎందుకు?"

దాదీ ఆమెను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "అరే బేటా, మేకకు ఉర్దూ వస్తదా? అంగట్ల తెలుగోళ్ల దగ్గర కొన్నం."

మా బిడ్డ నవ్వలేదు. లోపలికి వచ్చి రాయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నేను బస్సుకు బయల్దేరే వేళకు కూడా రాస్తూనే ఉంది. ఆ వ్యాసాన్ని నాకు తర్వాత తెలుగులో చెప్పింది. తన జీవితంలో రాయదగిన కష్టం లేదని, ఉన్నవి తన తల్లిదండ్రులవని, వాటిని అడిగి తెచ్చుకోవడం తనకు ఇష్టం లేదని మొదటే రాసేసిందట. కష్టానికి బదులు ఒక ప్రశ్న పంపుతున్నానని రాసి, దాదీ గురించి, మేక గురించి చెప్పిందట. మనిషి ఏ భాష ఎవరితో మాట్లాడాలో ఎట్లా నిర్ణయించుకుంటాడు, కోపంలో కూడా ఆ లెక్క ఎందుకు తప్పడు అన్నది ఆ ప్రశ్న. జనగామ హాస్టల్లో తాను కూడా లెక్చరర్లతో ఒక తెలుగు, స్నేహితులతో ఒక తెలుగు మాట్లాడుతున్నానని, ఏది ఎప్పుడు బయటికి వస్తుందో తనకే తెలియదని చివర్లో రాసిందట.

పది రోజులకు ఇంగ్లీషు మేడం నాకు ఫోన్ చేసి, వీలైతే ఒకసారి రమ్మన్నారు. సెలవు పెట్టి జనగామ పోయాను. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. అదే ఊళ్లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి తిరిగి వచ్చిన మనిషి. స్టాఫ్ రూంలో కుర్చీ చూపించి నేరుగా విషయంలోకి వచ్చారు.

"సార్, మీ పాప మంచిగ రాసింది. నాకు చానా నచ్చింది. కని గిట్ల పంపితే నాకు భయమైతున్నది."

"ఎందుకు మేడం?"

"అక్కడ మార్కులు లేనోళ్లెవరూ పెట్టరు. అందరు టాపర్లే. ఆల్లు ఇంకేదో చూస్తరు. మన దిక్కు పిల్లలకు చెప్పుకునేది ఒకటి ఉంటది కదా. మీ జీవితం గురించి పాప చెప్పింది నాకు. అది రాస్తే వ్యాసానికి ఒక వజను, బరువు ఉంటది."

"అబద్ధం రాయలేదు కద, నా పిల్ల?"

"అబద్ధం రాయమంటలేను సార్. నిజాన్నే జర ముందుకు జరపమంటున్న."

ఆమె మాటలో దురుద్దేశం లేదు. తన విద్యార్థికి సీటు రావాలన్న ఆరాటం తప్ప మరేమీ కనిపించలేదు. కిటికీలోంచి పిల్లలు ప్లేట్లు పట్టుకొని మెస్ ముందు వరుసలో నిలబడడం కనిపిస్తోంది. అందులో మా బిడ్డ కూడా ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ఆమెను అడిగినరా మేడం?"

"అడిగిన. మార్చనన్నది. బాపు ఒప్పుకోడన్నది. అందుకే మిమ్మల్ని పిలిచిన."

"నేను ఒప్పుకుంటే మారుస్తదా?"

మేడం ఆలోచించారు. "మార్చదనుకుంట," అన్నారు చివరికి.

అట్లయితే నన్ను పిలిచి లాభమేంటని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఆమె నవ్వి, టీ తెప్పించారు. వ్యాసం ఉన్నదున్నట్టే పోయింది.

మొదటి వడపోతలో మా బిడ్డ పేరు నిలిచింది. ఇంటర్వ్యూ వీడియోలో ఉంటుందని చెప్పారు. హాస్టల్లో సందడి ఎక్కువని మహబూబాబాద్ వచ్చింది. నా భార్య తన బడి నుంచి ల్యాప్‌టాప్ అడిగి తెచ్చింది. ముందు గదిలో గోడకు ఉన్న క్యాలెండరు, కొయ్యకు వేలాడుతున్న సంచులు తీసేశాం. ఇంటర్వ్యూ మొదలయ్యే ముందు మమ్మల్నిద్దరినీ బయటికి పొమ్మంది.

"మీరుంటే నాకు మాట రాదు."

పక్కింటి అరుగు మీద కూర్చున్నాం. దాదీ మాకు టీ ఇచ్చి, లోపల ఏం జరుగుతోందని అడిగింది. దూరం నుంచి పెద్దవాళ్లు కంప్యూటర్లో ప్రశ్నలు అడుగుతున్నారని చెప్పాం. "పెండ్లిచూపులు కాదు కదా?" అని అడిగి, కాదన్నాక స్థిమితపడింది. అరుగు మీద మాకు మాటలు వినపడలేదు. ఒకసారి మాత్రం మా బిడ్డ గట్టిగా నవ్వడం వినిపించింది. వెంటనే ఇంకో మగ గొంతు నవ్వింది. నా భార్య నా మోచేయి పట్టుకుంది.

తలుపు తీసేసరికి పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఇద్దరు ప్రొఫెసర్లట, ఒక ముసలాయన, ఒక నడివయసాయన. కష్టం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట.

"మేక గురించే అడిగిండ్రు బాపు. మేక తెలుగోళ్లదని దాదీ అనుకుంటున్నదా, లేకుంటే నీకు జవాబు చెప్పలేక అట్లన్నదా అని అడిగిండ్రు. నేను ఆలోచించనే లేదు. రెండూ కావచ్చన్న. మరి ఎట్ల తేల్చుతవు అన్నరు. మేకను ఉర్దూ మాట్లాడేటోళ్ల దగ్గర కొని చూడాలె అన్న. అప్పుడే నవ్విండ్రు."

ప్లాంటులో ఈ సంగతి చెబితే మా షిఫ్టు వాళ్లంతా తీర్పు ఇచ్చేశారు. "నవ్విండ్రంటే అయిపోయినట్టే అన్నా. స్వీట్లు ఎప్పుడు?" అని ఒకతను, నచ్చని వాళ్లను చూసి కూడా పెద్దవాళ్లు మర్యాదకు నవ్వుతారని ఇంకొకతను. నేను రెండు వైపులా తలాడించాను. ఆశ పెట్టుకోకూడదని అనుకుంటూనే, ఆ రాష్ట్రానికి ఏ రైలు పోతుందో, వరంగల్‌లో ఆగుతుందో లేదో కనుక్కున్నాను.

వేసవిలో ఫలితం వచ్చింది. తీసుకున్నామనీ అనలేదు, లేదనీ అనలేదు. వేచి ఉండే జాబితాలో పెట్టారు. ఎవరైనా రానంటే పిలుస్తారు. ఆ నెలంతా ఎక్కడున్నా ఫోన్ మోగితే ముగ్గురం ఉలిక్కిపడేవాళ్లం. ముక్కూమొహం తెలియని ఎవరో పిల్ల వేరే చోటికి పోవాలని మా ఆవిడ రోజూ దీపం పెట్టేటప్పుడు కోరుకునేదట. తర్వాత ఒకసారి నవ్వుతూ చెప్పింది.

నేను మొదటి షిఫ్టు దిగి క్యాంటీన్‌లో కూర్చున్నప్పుడు బిడ్డ ఫోన్ చేసింది.

"బాపు, రాలే. జాబితా మూసేసిండ్రు."

"ఎందుకు రాలేదంట?"

"ఎందుకో చెప్పరు బాపు."

"చెప్పరా? అడుగు."

"అడిగిన. ఎవరికీ చెప్పరంట. అది వాళ్ల పద్ధతి."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఏడ్చి కడుక్కున్న గొంతో, ఏడవని గొంతో ఫోన్లో తేల్చుకోలేకపోయాను. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను.

రాకపోవడం కంటే, కారణం చెప్పకపోవడం నన్ను ఎక్కువ బాధించింది. మా పనిలో యూనిట్ ఆగిపోతే ఎందుకు ఆగిందో తేల్చుతారు. ఏ వాల్వు, ఏ ట్యూబు, ఎవరి పొరపాటు, అంతా తేలాకే ఇంజినీర్లు ఆ సంగతి వదిలిపెడతారు. ముప్పై ఏళ్లు ఆ పద్ధతిలో బతికినవాడికి, కారణం లేకుండా ఆగిపోవడం అర్థం కాదు. మేడంకు ఫోన్ చేశాను. వ్యాసం వల్ల కావచ్చు, కాకపోవచ్చు, ఆ వ్యాసం వల్లే అంత దూరం వచ్చి ఉండవచ్చు కూడా అన్నారు. ఆమె మాటలో నాకంటే ఎక్కువ దిగులు వినిపించింది. నేనే ఆమెకు ధైర్యం చెప్పి పెట్టేశాను.

ఆ వారం మహబూబాబాద్ పోయినప్పుడు బిడ్డ దాదీ వాళ్లింట్లో ఉంది. నా భార్య చిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కన కూర్చొని నేనూ నాలుగు తుంచాను.

"నేను వద్దన్నందుకే రాలేదంటవా?"

ఆమె తలెత్తలేదు. "రాసినంక రాకపోతే ఏం చేస్తుంటిరి?"

"ఏం చేస్తుంటి?"

"పిల్లకు సీటు రాలేదని ఒక బాధ. మీ కష్టం ఆల్లకు సరిపోలేదని ఇంకొక బాధ. ఇప్పుడు ఒక్కటే కదా."

తుంచిన కాయల్లో పురుగున్నది కూడా వేశానని చూపించి, దాన్ని ఏరి పారేసింది. ఆ మాట ఆ తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నాను. అది వాదన కోసం అన్నది కాదు. ఆమె నెల రోజులుగా ఆ సంగతే ఆలోచిస్తోందని అప్పుడు అర్థమైంది.

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అదే చదువుకు మా బిడ్డ అప్పటికే వేరుగా ప్రవేశ పరీక్ష రాసి ఉంది. అక్కడ వ్యాసం లేదు, ఇంటర్వ్యూ లేదు, మార్కులు చూసి పిలుస్తారు. మూడో విడతలో పిలిచారు. సీటు రావడం అక్కడ కూడా తేలిక కాదని తెలిసినవాళ్లు చెప్పారు గాని, మా ఇంట్లో ఆ రోజు పండగ వాతావరణమేమీ లేదు. బట్టలు, బకెట్టు, ఒక దుప్పటి సర్దుకొని పొద్దున రైలుకు పోయాం. జనగామలో రైలు ఆగినప్పుడు మేడం ప్లాట్‌ఫాం మీదికి వచ్చి కిటికీలోంచి ఒక నిఘంటువు అందించారు. రైలు ఆగేది కొద్దిసేపే గనక ఇద్దరూ చేతులు మాత్రం పట్టుకున్నారు.

ఇప్పుడు మా బిడ్డ మూడో సంవత్సరంలో ఉంది. మెస్‌లో చారు నీళ్లలా ఉంటుందని, ఒక ప్రొఫెసర్ పాఠం మాత్రం వదలకుండా వింటానని ఫోన్లో చెబుతుంది. సెలవులకు వచ్చినప్పుడు ఎవరు ఏ పదాన్ని ఎలా పలుకుతున్నారో వింటూ కూర్చుంటుంది. ఇంటికొచ్చిన బంధువులకు అది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఆ మొదటి విశ్వవిద్యాలయం పేరు ఇంట్లో ఎవరం ఎత్తం. ఎత్తకూడదని ఎవరూ అనుకోలేదు, అలా జరిగిపోయింది.

ఈ మధ్య భూపాలపల్లికి నన్ను చూడడానికి వచ్చింది. నా గదిలో స్టౌ మీద ఉప్మా చేసింది. తింటున్నప్పుడు నేనే అడిగాను.

"అది యాదికొస్తదా బిడ్డా, ఆ రాని సీటు?"

"సీటు యాదికి రాదు బాపు." ఆమె ప్లేటులో చెంచాతో కాసేపు కెలికింది. "ఆ ఇద్దరు సార్లు యాదికొస్తరు. ఇంకొంచెం సేపు మాట్లాడనిస్తే బాగుండు అనిపిస్తది. నేను చెప్పింది అంత శ్రద్ధగ అంతకుముందు ఎవరూ వినలే."

నాకు రెండో షిఫ్టుకు వేళవుతోంది. ఆమె చెప్పడం ఆపలేదు. ఆ రోజు వాళ్లు అడగగా తాను జవాబివ్వని ప్రశ్న ఇంకొకటి ఉందట. దానికిప్పుడు జవాబు తెలుసట. నేను టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, చెప్పమన్నాను.